అణువుల పరుగుపందెము

“అయ్యా, ఈ సూత్రము పరీక్షకు వచ్చునా?” ఉపాధ్యాయవృత్తియందున్న ప్రతివారికిని చిరపరిచితమైన ప్రశ్న యిది. ఒక వస్తువుయొక్క ద్రవ్యరాశిని దాని వేగముయొక్క వర్గముచేత గుణించి, అందు సగము తీసికొనినచో గతిజశక్తి వచ్చునని తొమ్మిదవ తరగతిలో నల్లబల్లమీద వ్రాసి వెనుదిరిగినంతనే ఈ ప్రశ్న వినవచ్చును. వచ్చునని చెప్పినచో విద్యార్థి దానిని కంఠస్థము చేయును. రాదని చెప్పినచో పుట త్రిప్పివేయును. ఏ విధముగానైనను ఆ సూత్రము వానికి దక్కదు. కంఠస్థము చేసినది వేసవి సెలవులలో మరపునకు వచ్చును. త్రిప్పివేసినది ఎన్నడును జ్ఞప్తికి రాదు.

ఈ యొక్క సూత్రమును పునాదిగా జేసికొని, కంటికి గానరాని అణువులను తూచు త్రాసు ఒకటి నేడు లోకమందంతటను పనిచేయుచున్నది. ఆసుపత్రిలో రోగిని బాధించు సూక్ష్మజీవి యేదో తెలిసికొనుటకును, ఔషధముల స్వచ్ఛతను పరీక్షించుటకును, ఆకాశమందలి ధూళికణములలో నేమున్నదో చూచుటకును దాని నుపయోగించుచున్నారు. దానికి టైమ్ ఆఫ్ ఫ్లైట్ మాస్ స్పెక్ట్రోమీటరు అని పేరు. ప్రయాణకాలమునుబట్టి ద్రవ్యరాశిని కనుగొను యంత్రమని దాని యర్థము. ఇది మహాపండితుల సొత్తుగాదనియు, ఉన్నతపాఠశాల విద్యార్థి దానిని మొదటినుండి తుదివఱకు గ్రహింపగలడనియు, అట్లు గ్రహించుట నేటి బాలబాలికలకు వేడుకమాత్రము గాక అవసరము కూడ ననియు నా యభిప్రాయము. ఏల అవసరమో ముందు చెప్పెదను. మొదట యంత్రమును చూతము.

అణువులను ఒక్కొక్కదానిని తూచవలసిన పనియేమి? కోట్లకొలది అణువులను కలిపి తూచి, లెక్కచే భాగించి సగటు తీసికొనరాదా? పూర్వము రసాయనశాస్త్రజ్ఞులు అట్లే చేసిరి. నియాన్ అను వాయువుయొక్క పరమాణుభారము 20.2 అని వారు నిర్ణయించిరి. ఆ లెక్కలో తప్పులేదు. అయినను ఒక తరగతిలో సగటు మార్కులు నలుబదియొకటిన్నర అయినంతమాత్రమున, ఆ మార్కులు తెచ్చుకొనిన బాలుడు ఆ తరగతిలో ఉండితీరవలెనా? కేంబ్రిడ్జిలో జె. జె. థామ్సన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1912వ సంవత్సరమున విద్యుదావేశము పొందిన నియాన్ పరమాణువులను విద్యుత్ క్షేత్రముచేతను అయస్కాంత క్షేత్రముచేతను వంచి, ఫోటోగ్రాఫు పలకమీద పడునట్లు చేయగా, ఒక గీతకు మారు రెండు గీతలు కనబడెను. ఒకటి 20 కడ, మఱియొకటి 22 కడ. ఆయన సహాయకుడైన ఎఫ్. డబ్ల్యు. ఆస్టన్ 1919లో ఇంకను చక్కని యంత్రమును నిర్మించి, ఒకే మూలకమునకు వేర్వేరు భారములు గల పరమాణువులు కలవని స్థిరపఱచెను. అందులకై 1922లో ఆయనకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. నూరు నియాన్ పరమాణువులలో సుమారు తొంబది 20 భారము గలవి. సుమారు తొమ్మిది 22 భారము గలవి. 21 భారము గలవి అత్యల్పము. 20.2 భారము గల నియాన్ పరమాణువు సృష్టిలో ఒక్కటియు లేదు. సగటు చెప్పలేని సత్యమును ఒక్కొక్కదానిని తూచుట చెప్పినది.

థామ్సన్, ఆస్టన్ గారలు పరమాణువులను వంచి తూచిరి. వంచనక్కరలేకుండ, పరుగెత్తించి తూచవచ్చునని అమెరికాదేశమందలి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన విలియం స్టీఫెన్స్ 1946లో ప్రతిపాదించెను. ఆ యాలోచన యిట్టిది.

ఉండేలును ఎఱుగని పల్లెబాలుడు ఉండడు. రబ్బరును ఒకే దూరము లాగి, ఒకసారి చిన్న గులకరాతిని, మఱియొకసారి పెద్దరాతిని విడిచిపెట్టుడు. రబ్బరు ఇచ్చిన శక్తి రెండింటికిని ఇంచుమించు సమానమే. కాని గులకరాయి రివ్వున పోవును, పెద్దరాయి మెల్లగా పోవును. పెద్దరాతి బరువు నాలుగురెట్లయినచో దాని వేగము సగమగును. ఏలనగా, శక్తి ద్రవ్యరాశితోడను వేగముయొక్క వర్గముతోడను ముడిపడియున్నది. ద్రవ్యరాశి నాలుగురెట్లు పెరిగినను శక్తి మారకుండవలెనన్నచో, వేగముయొక్క వర్గము నాలుగవవంతునకు తగ్గవలెను. అనగా వేగము సగము గావలెను. వేగము సగమైనచో అదే దూరమునకు పట్టుకాలము రెట్టింపగును. కావున కాలమును కొలిచి దానిని వర్గము చేసినచో ద్రవ్యరాశి దానంతటదియే బయటపడును. యంత్రముయొక్క రహస్యమంతయు ఇంతియే.

యంత్రమునందు రబ్బరునకు మారు విద్యుత్తున్నది. ఒక అణువునకు ఒక విద్యుదావేశము కలిగించినచో అది అయాను అనబడును. రెండు పలకలమధ్య 20,000 వోల్టుల భేదము కల్పించి, ఆ అయానును వాని నడుమ నుంచినచో అది ముందునకు త్రోయబడును. ఒకే ఆవేశము గల అయానులన్నియు, చిన్నవైనను పెద్దవైనను, సమానమైన శక్తినే పొందును. పిమ్మట అవి ఏ త్రోపుడును లేని ఒక పొడవైన గొట్టములో ప్రవేశించి తమ వేగముతో తాము పోవును. గొట్టము చివరను వాని రాకను తెలుపు సాధనము గలదు. బయలుదేరిన క్షణమును, చేరిన క్షణమును గడియారము గుర్తించును.

ఇపుడు లెక్క వేయుదము. హైడ్రోజను పరమాణువుయొక్క భారము సుమారు 1 అనుకొనినచో, 1000 భారము గల అయాను 20,000 వోల్టులచే త్రోయబడి సెకనుకు సుమారు 62 కిలోమీటర్ల వేగముతో పోవును. ఒక మీటరు గొట్టమును దాటుటకు దానికి 16.1 మైక్రోసెకనులు పట్టును. మైక్రోసెకను అనగా సెకనులో పదిలక్షలవ వంతు. 4000 భారము గలదానికి సరిగా రెట్టింపు, అనగా 32.2 మైక్రోసెకనులు పట్టును. మఱి 1000, 1001 భారములు గల రెండు అయానులు పందెమునకు దిగినచో? రెండవది మొదటిదానికంటె 8 నానోసెకనులు మాత్రమే ఆలస్యముగా చేరును. నానోసెకను సెకనులో నూరుకోట్లవ వంతు. ఆ 8 నానోసెకనులలో వెలుతురు సయితము రెండున్నర మీటర్లైనను పోజాలదు. ఈ స్వల్పభేదమును పట్టుకొనుటయే యంత్రనిర్మాతల పని. ఉన్నతపాఠశాల సూత్రమే ఆధారమైనను ఈ యంత్రము 1946కు పూర్వము రాకపోవుటకు కారణమిదియే. రెండవ ప్రపంచయుద్ధకాలమున వృద్ధియైన ఎలక్ట్రానిక్ పరికరములు వచ్చినపిమ్మటనే ఇంత చిన్న కాలమును కొలుచుట సాధ్యమైనది. 1948లో కామెరన్, ఎగ్గర్స్ అను వారు అట్టి యంత్రమును మొదట పనిచేయించి చూపిరి.

పందెము న్యాయముగా జరుగవలెనన్నచో కొన్ని నియమములు కావలెను. మన క్రీడాదినోత్సవమున పందెము నడపిన వ్యాయామోపాధ్యాయుని అడుగుడు. ఆయన చెప్పు నియమములే యిచటను వర్తించును.

మొదటిది, దారిలో అడ్డములుండరాదు. మన చుట్టునున్న గాలిలో ఒక అణువు మఱియొకదానిని ఢీకొనకుండ సగటున సుమారు 70 నానోమీటర్లు మాత్రమే పోగలదు. అది వెండ్రుక మందములో వేయవ వంతుపాటిది. అందుచే గొట్టమునందలి గాలిని పంపులచే తోడివేయుదురు. గాలియొత్తిడిని నూరుకోట్లవ వంతునకు తగ్గించినచో, అణువు సగటున 70 మీటర్లు నిరాటంకముగ పోగలదు. అపుడు ఒక మీటరు పందెము నిర్విఘ్నముగా జరుగును.

రెండవది, అందఱును ఒకేసారి బయలుదేరవలెను. కొన్ని అయానులు ఒకింత ముందును, కొన్ని ఒకింత వెనుకను నిలిచియుండును. కొన్ని అప్పటికే కదలుచుండును. 1955లో విలీ, మెక్‌లారెన్ అను నిరువురు దీనికి ఉపాయము కనిపెట్టిరి. అయానులు పుట్టిన వెంటనే త్రోయక, క్షణమాత్రము ఆగి త్రోయవలెను. ఆ వ్యవధిలో తొందరపడునవి కొంత ముందునకు జరుగును. త్రోపుడు వచ్చునప్పటికి వెనుకనున్నవి ఎక్కువదూరము త్రోయబడును గనుక వానికి ఎక్కువ శక్తి దొరకును; ముందునకు జరిగినవానికి తక్కువ దొరకును. ఆగవలసిన కాలమును సరిగా నిర్ణయించినచో ఒకే భారము గలవి గమ్యమును ఇంచుమించు ఒకేసారి చేరును.

మూడవది, అప్పటికిని మిగిలిన చిన్నచిన్న భేదములను సరిదిద్దవలెను. లెనిన్‌గ్రాడునందు బోరిస్ మామిరిన్ తన సహచరులతో గూడి 1973లో ప్రకటించిన విద్యుద్దర్పణము ఈ పని చేయును. ఏటవాలు గట్టుమీదికి రెండు బంతులను దొర్లించినచో, వేగముగా వచ్చినది ఎక్కువ పైకిపోయి తిరిగివచ్చును. నెమ్మదిగా వచ్చినది కొంచెము పోయియే వెనుదిరుగును. అట్లే ఒకే భారము గల అయానులలో వేగమెక్కువ గలది దర్పణములో లోతుగా పోయి ఎక్కువదూరము తిరుగును. వేగముచే సంపాదించిన కాలమును దూరముచే పోగొట్టుకొని తన తోడివానితో గూడి గమ్యమును చేరును.

నాలుగవది, గమ్యస్థానమున సాక్షి జాగరూకుడై యుండవలెను. అచట సన్నని రంధ్రములతో నిండిన గాజుపలకలుండును. ఒక అయాను తగిలినంతనే రంధ్రపు గోడనుండి కొన్ని ఎలక్ట్రానులు వెలువడును. అవి మఱల గోడకు తగిలి మఱికొన్నిటిని లేపును. ఇట్లు ఒక్క దెబ్బ రెండు పలకలు దాటునప్పటికి పదిలక్షల రెట్లకు మించి పెరిగి, కొలువదగిన విద్యుత్ప్రవాహమగును.

వీనికన్నిటికంటెను ముందు పందెగాండ్రను బరికి తెచ్చుట యున్నది. అది చాలకాలము కష్టమైన పనిగా నుండెను. చిన్న అణువులను వేడిచేసి ఆవిరిగా మార్చి ఆవేశము కలిగింపవచ్చును. ప్రోటీనులవంటి పెద్ద అణువులు అట్లు లొంగవు. కోడిగ్రుడ్డు తెల్లసొనను పెనముమీద వేసినచో ఆవిరియగునా? గడ్డకట్టి మాడిపోవును. క్యోటో నగరమందలి షిమాద్జు అను సంస్థలో పనిచేయుచున్న కోయిచి తనాకా అను యువకుడు ఈ చిక్కును విప్పుటకు పూనుకొనెను. ఆయన రసాయనశాస్త్రజ్ఞుడు కాదు. విద్యుత్ సాంకేతిక విద్యలో పట్టభద్రుడు. ఒకనాడు అత్యంత సూక్ష్మమైన కోబాల్టు పొడిలో వేయవలసిన ద్రవమునకు మారు పొరపాటున గ్లిజరిన్ కలిపెను. పొడి విలువగలది గనుక పారవేయుటకు మనసొప్పక, ఆ మిశ్రమముమీదనే లేసరు కాంతిని ప్రసరింపజేసి చూచెను. పెద్ద అణువులు చెడిపోకుండ అయానులై ఎగిరివచ్చెను. ఆ ఫలితమును 1987లో ప్రకటించెను; 2002లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానమునందు భాగస్వామి అయ్యెను. ఆ కాలముననే జర్మనీదేశమున కారాస్, హిల్లెన్‌కాంప్ అను శాస్త్రజ్ఞులు స్ఫటికములుగా నేర్పడు చిన్న అణువుల పదార్థముతో ప్రోటీనును కలిపి లేసరుచే లేపు పద్ధతిని వృద్ధిచేసిరి. నేడు ఎక్కువగా వాడుకలోనున్నది ఆ పద్ధతియే.

ఇపుడు ఆసుపత్రిలోనికి పోదము. రోగి రక్తమునుండి పెంచిన సూక్ష్మజీవులను కొంచెము ఉక్కుపలకమీద పూసి, పైన చెప్పిన పదార్థమును ఒక బొట్టు వేసి ఆరనిత్తురు. లేసరు తగిలినంతనే ఆ జీవుల ప్రోటీనులు పరుగెత్తును. 2,000 మొదలు 20,000 భారము వఱకు గల ప్రోటీనులు వరుసగా చేరి ఒక గీతల వరుసను వ్రాయును. ఆ వరుస ప్రతి జాతికిని వ్రేలిముద్రవంటిది. యంత్రము దానిని తనయొద్ద భద్రపఱచిన ముద్రలతో సరిపోల్చి, ఫలానా జీవియని కొన్ని నిమిషములలో చెప్పును. సూక్ష్మజీవులను పెంచుటకు పట్టు కాలము ఎటులును పట్టును; పిమ్మట జరుగవలసిన పరీక్షలకు పూర్వము ఒకటి రెండు దినములు పట్టెడివి. రక్తము విషపూరితమైన రోగికి ఆ దినములే ప్రాణము.

ఈ త్రాసు భూమిని విడిచి కూడ పోయినది. 2004 మొదలు 2017 వఱకు శనిగ్రహమును చుట్టివచ్చిన కాసినీ నౌకయందు ఇట్టి సాధనమొకటి యుండెను. ధూళికణములు మహావేగముతో దాని పలకను ఢీకొని తమంతట తామే అయానులుగా విచ్ఛిన్నమయ్యెడివి గనుక దానికి లేసరుతో పనిలేకపోయెను. శనియొక్క ఉపగ్రహమైన ఎన్సెలాడస్ చిమ్మిన మంచుకణములలో ఫాస్ఫేటులు గలవని ఆ కొలతలను పరిశీలించి 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తొమ్మిదవ తరగతి సూత్రము శనిలోకమునకు పోయివచ్చినదన్నమాట.

ఇంతవఱకు యంత్రమును పొగడితిని. ఇక, దానిని గ్రహించుట ఏల అవసరమో చెప్పవలసియున్నది. లోకములో నేడొక క్రొత్త మూఢవిశ్వాసము బయలుదేరినది. “యంత్రము చెప్పినది, ఇక తిరుగులేదు” అనుటయే అది. దానికి ఎదురుగా మఱియొక మూఢత్వము గలదు. “యంత్రములన్నియు మోసము” అనుట. రెండును తెలియమినుండి పుట్టిన కవలపిల్లలే. యంత్రమెట్లు పనిచేయునో తెలిసినవాడు రెండింటిలో దేనికిని లోబడడు. ఎంతవఱకు నమ్మవలెనో, ఎచట ప్రశ్నింపవలెనో వానికి తెలియును.

ఈ త్రాసునే తీసికొనుడు. అది నిజముగా కొలుచునది భారమును గాదు, కాలమును. కాలమును భారముగా మార్చుటకు ముందుగా భారము తెలిసిన పదార్థములను పరుగెత్తించి సరిచూచుకొనవలెను. అవియే దాని తూనికరాళ్లు. అంగడివాని తూనికరాయి అరిగినచో తక్కెడ ఎంత మంచిదైనను ఏమి ప్రయోజనము? దొంగత్రాసు దేవునికి హేయమని ఆదివారపు పాఠమున నేర్చుకొనిన మన పిల్లలకు ఇది క్రొత్తమాట గాదు. మఱియు, రెండు ఆవేశములు పొందిన అయానునకు రెట్టింపు శక్తి దొరకును గనుక, 4000 భారము గలది రెండు ఆవేశములతో పరుగెత్తినచో 2000 భారము గలదానివలె నగపడును. భారమును ఆవేశముచే భాగింపగా వచ్చినదే యంత్రము చెప్పు సంఖ్య. ఆ సంగతి తెలియనివాడు మోసపోవును. మోసము చేసినది యంత్రము గాదు.

సూక్ష్మజీవుల విషయమున మఱియొక మెలకువ గావలెను. తనయొద్ద ముద్ర లేని జీవిని యంత్రము గుర్తింపజాలదు. మిక్కిలి దగ్గర చుట్టములైన జీవులను వేఱుచేయుటయందును తడబడును. మన ప్రేగులలో సాధారణముగా హానిలేక వసించు ఎషెరీషియా కోలై అను జీవికిని, రక్తవిరేచనములు కలిగించు షిగెల్లా అను జీవికిని ప్రోటీనుల ముద్రలు ఎంతయో పోలియుండుటచే, సాధారణ పద్ధతిలో ఈ యంత్రము వానిని నమ్మదగినట్లు వేఱుచేయలేదు. వేఱుపరీక్ష చేసి తీరవలెను. వివేకముగల వైద్యుడు దీని నెఱిగియుండును. రేపు అట్టి వైద్యుడో, ప్రయోగశాలలో అతని సహాయకుడో, రోగి ప్రక్కన కూర్చుండిన తండ్రియో కాబోవువాడు నేడు మన బల్లలమీద కూర్చుండియున్నాడు. వానికి సూత్రము నొసగి దాని యర్థమును దాచిపెట్టుట న్యాయమా?

దీనికి కొన్ని ఆక్షేపణలు రాగలవు. పాఠ్యప్రణాళిక ఇప్పటికే బరువైనదని ఉపాధ్యాయులందురు. అది నిజమే. నేను క్రొత్త పాఠములు చేర్చుమని కోరుటలేదు. ఉన్న సూత్రమును ఒక్క నిజమైన యంత్రముతో ముడివేసి, రెండు గంటలు చెప్పుడని కోరుచున్నాను. పది యంత్రముల పేర్లు వల్లించుటకంటె ఒకదానిని అడుగంట తెలిసికొనుట మేలు. మార్కులు రావలెను గదా యని తల్లిదండ్రులందురు. అర్థమైన సూత్రము పరీక్షాస్థలమున మఱపునకు రాదు. ఏ రూపమున అడిగినను విద్యార్థి దానిని మఱల కట్టుకొనగలడు. మార్కులకొఱకే యైనను ఇదియే దగ్గరిదారి.

అంత ఖరీదైన యంత్రము మన పాఠశాలకు ఎక్కడిదని మఱికొందఱు అడుగుదురు. యంత్రమక్కఱలేదు. చక్రములు బాగుగా తిరుగు చిన్న బండి యొకటి, బిగువైన రబ్బరుపట్టీ, తూనికరాళ్లు, కాలమును కొలుచు గడియారము చాలును. బండి పావుకిలో తూగునట్లు చేసి, రబ్బరును గుర్తువఱకు లాగి నునుపైన నేలమీద విడిచి, రెండు మీటర్లు పోవుటకు పట్టు కాలమును వ్రాసికొనుడు. పిమ్మట ముప్పావుకిలో బరువు వేసి మొత్తము కిలో చేసి, రబ్బరును అదే గుర్తువఱకు లాగి విడువుడు. కాలము రెట్టింపు గావలెను.

కాని సరిగా రెట్టింపు రాదు. కొంచెము ఎక్కువయే రావచ్చును. అసలు పాఠము అచటనే యున్నది. ఆ ఘడియలో విద్యార్థి యెదుట రెండు దారులుండును. రావలసిన సంఖ్యను పుస్తకములో వ్రాసికొని మార్కులు తెచ్చుకొనుట యొకటి. వచ్చిన సంఖ్యనే వ్రాసి, ఏల అట్లు వచ్చినదని విచారించుట మఱియొకటి. మొదటి దారిని నడచువాడు తన తూనికరాతిని తానే అరగదీసికొనుచున్నాడు. రెండవ దారిని నడచువాడు నేలయొక్క ఘర్షణను కనుగొనును. యంత్రమునందు గాలిని ఏల తోడివేయుదురో వానికి అపుడు చెప్పకయే తెలియును. తనాకా తన పొరపాటును దాచి, మిశ్రమమును పారవేసియుండినచో ఏమగునో యోచింపుడు. ప్రయోగపు పుస్తకములలో తప్పులకు ఎఱ్ఱసిరా పూయు మనము, ఉపాధ్యాయులము, ఈ విషయమున మన మనస్సాక్షిని ఒకసారి ప్రశ్నించుకొనవలెను. వచ్చిన ఫలితమును నిజాయితీగా వ్రాసిన బాలునికి సున్న వేసి, ప్రక్కవాని పుస్తకమునుండి ఎత్తివ్రాసిన బాలునికి పది వేయుచున్నామేమో!

విద్యార్థులారా, ఈసారి గతిజశక్తి సూత్రము నల్లబల్లమీద కనబడినపుడు, అది పరీక్షకు వచ్చునా యని గాక, దీనితో దేనిని తూచవచ్చునని అడుగుడు. తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఇంట బండికి రబ్బరు కట్టి నేలమీద దొర్లించుచున్నచో చదువు మానిరని కోపింపకుడు. గడియారము పట్టుకొని వారి ప్రక్కన కూర్చుండుడు. సృష్టికర్త మిక్కిలి చిన్న అణువునకును ఒక కొలతను నియమించియున్నాడు. ఆ కొలతను సరిగా చదువగల కన్నును, చదివినదానిని ఉన్నదున్నట్లు చెప్పగల నోటిని మన పిల్లల కిచ్చుట మన పాఠశాల విధి.